కనుమ సాయంత్రం గజ్జె కట్టాలా?

ప్రశ్న

మెల్‌బోర్న్‌లో ఉంటున్న ఒక కొత్త పెళ్లికూతురు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది, కుదించి ఇస్తున్నాం.

ఆమెది బందరు. పదకొండేళ్లు కూచిపూడి నేర్చుకున్నారు. పెళ్లికి ముందు ఏటా మూడు నాలుగు ప్రదర్శనలు ఇచ్చేవారు. మే నెలలో పెళ్లయింది, జులైలో మెల్‌బోర్న్ వెళ్లారు. ఏప్రిల్ తర్వాత ఒక్కసారి కూడా గజ్జె కట్టలేదు. భర్తకు ఫొటోగ్రఫీ అంటే ప్రాణం. మంచి మనిషి, కానీ వంట చేస్తున్నా, పూలు కడుతున్నా కెమెరా తీస్తారు, తీసినవి ఆమెను అడక్కుండానే అందరికీ కనిపించేలా పెట్టేస్తారు. వాటి కింద పాత స్నేహితురాళ్లు "డాన్సు మానేశావా?" అని రాస్తుంటే ఆమెకు ఏడుపొస్తోంది.

పెళ్లయ్యాక మొదటిసారి సంక్రాంతికి ఊరు వస్తున్నారు. డిసెంబరు 27న బయల్దేరి జనవరి 18న తిరుగు ప్రయాణం. అత్తగారి ఊరు కడియం దగ్గర. "కనుమ సాయంత్రం మా ఊరి గుళ్లో మా ఆవిడ కూచిపూడి" అని భర్త గుడి కమిటీకి ముందే మాట ఇచ్చేశారు. గంటసేపు కార్యక్రమం, తల నిండా మల్లెల పూలజడ, తను ఫొటోలు తీయడం, ఇదీ ఆయన ఆలోచన. ఆమెకు చెప్పింది ఆ తర్వాత. ఈలోగా అత్తగారు ఫోనులో "పెళ్లయ్యాక ఇంకా స్టేజీలు ఎందుకమ్మా, నలుగురు పిల్లలకు నేర్పుకుంటే గౌరవంగా ఉంటుంది" అన్నారు. ఆ మాట ఆమె భర్తకు చెప్పలేదు. గురువుగారు మాత్రం "కూచిపూడి వచ్చి కనబడి వెళ్లు" అన్నారు.

ఇవి కాక, అమ్మ దాచి ఉంచిన పెళ్లి పూలజడను మెల్‌బోర్న్ తెచ్చుకోవాలని ఉంది. ఆల్బమ్ కోసం రెండు వందల ఫొటోలు ఎంచి పంపమని పెళ్లి ఫొటోగ్రాఫరు ఆగస్టు నుంచి అడుగుతున్నాడు. ఆరు వేల ఫొటోలు ఉన్నా, తన ఫొటోల్లో తనకు నచ్చింది ఒక్కటీ కనబడటం లేదు. "గజ్జెలు పెట్టె అడుగున ఉన్నాయి. తీయాలంటే భయం. నాట్యం మీద ఇష్టం పోయిందా? కాదంటే ఆయన మాట పోతుంది, ఔనంటే నా పరువు పోతుంది. ఏం చెయ్యను?"

సమాధానం

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడదాం. ఇష్టం పోయినవాళ్లకు సరిగ్గా చేయలేనేమోనన్న బెంగ ఉండదు. మీ ఉత్తరంలో సగానికి సగం ఆ బెంగే. కాబట్టి ఇష్టం గురించి దిగులు వద్దు. ఆగిపోయింది సాధన. అది తిరిగొస్తుంది, కాకపోతే దానికి ఇన్ని వారాలని ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే కనుమ సంగతి తేల్చుకోవడం తేలికవుతుంది.

మీరు పూలజడ, ఫొటోలు, ఊరి ప్రయాణం, గుళ్లో కార్యక్రమం, అత్తగారి మాట అని చిక్కుల్ని విడివిడిగా రాశారు. వాటికి మూలం ఒకటే. నాట్యం మీకు పని. రోజూ చెమటోడిస్తే తప్ప నిలవని పని. మీ ఇంట్లో మిగతావాళ్లకు అది చూసేది మాత్రమే. మీవారికి మంచి ఫొటో, అత్తగారికి నలుగురి కళ్లు పడే స్టేజీ, గుడి కమిటీకి పండగ సందడి. ఆ పనికి ఎన్ని గంటలు పడతాయో, ఎలాంటి నేల కావాలో, ఆర్నెల్లు ఆపేస్తే ఒళ్లు ఏమవుతుందో మీరు వాళ్లెవరికీ చెప్పలేదు. మీవారు మిమ్మల్ని అడక్కుండా మాట ఇవ్వడం తప్పే, అందులో సందేహం లేదు. కానీ ఆయన మనసులో ఉన్నది మీ నెత్తిన పని పెట్టాలని కాదు, మిమ్మల్ని తన ఊరికి చూపించుకుని మురిసిపోవాలని. మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే మాట గొడవలోకి వెళ్లదు.

ముందు ఒంటి సంగతి. ఆర్నెల్ల విరామం తర్వాత ఆయాసం తొందరగానే తగ్గుతుంది, మూడు నాలుగు వారాల్లో ఊపిరి నిలబడుతుంది. అడుగులూ జతులూ ఎలాగూ మరచిపోరు. వెనకబడేవి పిక్కలు, మడమ వెనకాల స్నాయువు, మోకాలి కింద ముందువైపు ఎముక. వీటికి పాత బలం రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తిరిగి మొదలుపెట్టినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఊపిరి వచ్చేసింది కదా అని నాలుగో వారంలోనే మూడో కాలంలో, అంటే అన్నిటికంటే వేగంగా, అడుగు కొట్టేస్తారు. వారం తిరిగేసరికి ముంగాలు ఎముక వెంబడి నొప్పి పట్టుకుంటుంది. అది పట్టిందంటే నెల రోజులు ఏమీ చేయనివ్వదు.

ఇప్పుడు అక్టోబరు మూడో వారం. కనుమకు పన్నెండు వారాలు, మీరు విమానం ఎక్కడానికి తొమ్మిది. మొదటి రెండు వారాలు వారానికి నాలుగు రోజులు, రోజుకు పాతిక నిమిషాలు మించకండి. అందులో పది నిమిషాలు పిక్కలు, తొడలు, నడుము సాగదీయడానికే. మిగతాది చౌకం, కత్తెరనాటు, పక్కనాటు లాంటి అడుగులు ఒకటో కాలంలో, చివర్లో రెండో కాలంలో. అరమండి, అంటే మోకాళ్లు పక్కలకు వంచి కిందికి దిగే భంగిమ, పూర్తిగా కూర్చోవద్దు, సగం చాలు. మోకాలు కాలి వేళ్ల దిక్కుకే తిరిగి ఉందో లేదో అద్దంలో చూసుకోండి. విరామం తర్వాత తొడ బలం తగ్గి మోకాలు లోపలికి వాలుతుంది, మోకాలి నొప్పి అక్కడి నుంచే మొదలవుతుంది. మూడు, నాలుగు వారాల్లో నలభై నిమిషాలు చేయండి. అయిదో వారంలో మూడో కాలం, అదీ ఒక్కో అడుగుకు రెండు ఆవర్తాలే. గజ్జె కట్టడం కూడా అప్పుడే. గజ్జెల బరువు కొత్తగా పడినప్పుడు చీలమండ అలసిపోతుంది, అందుకని మొదటి వారం పది నిమిషాలు కట్టి విప్పేయండి. అంశం, అంటే ఒక పూర్తి పాటకు నాట్యం, దాని జోలికి ఆరో వారంలో వెళ్లండి, ముక్కలు ముక్కలుగా. తరంగంలో ఎక్కి ఆడే ఇత్తడి పళ్లెం ఈ ప్రయాణం అయ్యేదాకా ముట్టుకోవద్దు. పళ్లెం అంచును పట్టి ఉంచేది కాలి వేళ్లు, అరికాలు. ఇంతకాలం ఆగాక వాటికి పాత పట్టు ఉండదు.

నేల గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు, కానీ అపార్ట్‌మెంటులో అసలు ఇబ్బంది అదే. కాంక్రీటు మీద పరిచిన చెక్కలాంటి లామినేటు చూడ్డానికి చెక్కే, కాలికి మాత్రం కాంక్రీటే. యోగా చాప మీద చేయకండి, మెత్తదనానికి పాదం ఇరుక్కుని మెలిక పడుతుంది. పది పదిహేను మిల్లీమీటర్ల మందం రబ్బరు పలకలు పరిచి, వాటి మీద మందపాటి ప్లైవుడ్ షీటు వేసుకుంటే అడుగుకు కాస్త ఊగు వస్తుంది, కింద ఇంటివాళ్లకు చప్పుడూ తగ్గుతుంది. నాలుగడుగులకు ఎనిమిది అడుగుల షీటులో ఒక్కచోట నిలబడి చేసే అడుగులన్నీ చేసుకోవచ్చు. తిరుగుళ్లకు, నడకలకు వారానికి ఒకసారి దగ్గర్లోని కమ్యూనిటీ హాలు గంటకు అద్దెకు తీసుకోండి.

డిసెంబరు మొదటి వారంలో ఒక పరీక్ష పెట్టుకోండి. ఎనిమిది నిమిషాల అంశం ఒకటి గజ్జె కట్టి మొత్తం చేయండి. పది నిమిషాలు ఆగి మళ్లీ చేయండి. మర్నాడు పొద్దున మంచం దిగగానే మడమలో, ముంగాలు మీద నొక్కితే నొప్పి లేకపోతే కనుమకు ఒక అంశం చేయగలరు. నొప్పి ఉంటే చేయకూడదు, అంతే. పరువు, ధైర్యం లాంటి మాటలతో ఇక పని లేదు.

ఇప్పుడు కనుమ. మీ ముందున్న దారులు చెబుతాను, దేనికి ఏ ఖర్చో కూడా.

మీవారు ఒప్పుకున్నట్టు గంటసేపు కార్యక్రమం అన్నది మొదటి దారి. పన్నెండు వారాల సాధనతో గంటసేపు మీరొక్కరే ఆడటం నా లెక్కలో కుదరదు. ఏదోలా లాక్కొచ్చినా, మీకు గుర్తుండేది తడబడిన చోట్లే. ఈ దారి వద్దనే నా మాట.

ఒక్క అంశం, ఎనిమిది నుంచి పది నిమిషాలు, ఇది రెండోది. భామాకలాపంలో ప్రవేశ దరువు, అంటే సత్యభామ వేదిక మీదికి వచ్చే పాట, మీకు వచ్చని రాశారు. అభినయం ఎక్కువ, పరుగులు తక్కువ కాబట్టి ఈ పరిస్థితికి సరిపోతుంది. పైగా జడను చూసుకుని మురిసే సత్యభామ కావడంతో మీవారి పూలజడ సరదాకు కూడా చోటు దొరుకుతుంది. మిగతా సమయానికి ఊళ్లో పాడేవాళ్లో, కోలాటం వేసేవాళ్లో ఉంటారు. కానీ వేదిక సంగతి మీరే మాట్లాడుకోవాలి. ఊళ్లలో బల్లలు కలిపి పైన తివాచీ పరుస్తారు. బల్లల మధ్య సందులో బొటనవేలు ఇరుక్కుంటుంది, తివాచీ అడుగు వేసినప్పుడల్లా జరుగుతుంది. పదహారు అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల లోతు, పైన ప్లైవుడ్, తివాచీ వద్దు అని చెప్పండి. రాతి మండపం అయితే గెంతులు, కూర్చుని లేచేవి తీసేయండి. పాట ఫోనులో, పెన్‌డ్రైవ్‌లో రెండు చోట్లా ఉంచుకోండి. స్పీకరు ఒకటి మీ వైపు తిప్పించాలి, లేకపోతే మృదంగం మీకు ఆలస్యంగా వినబడి తాళం జారుతుంది.

మూడోది, మీరు ఆడకుండా కార్యక్రమం జరిపించడం. కూచిపూడి నుంచి పిల్లల్ని పంపమని మీ గురువుగారిని అడగొచ్చు. మీరు మొదట్లో ఒక శ్లోకానికి అభినయం చేసి, ప్రతి అంశానికీ ముందు కథ చెప్పండి. మీవారి మాట నిలబడుతుంది, ఊరికి మంచి నాట్యం దొరుకుతుంది. కాకపోతే పిల్లల రాకపోకలు, భోజనం, బస, ఆహార్యం (వేషం, నగలు), పారితోషికం అన్నీ కమిటీ భరించాలి. వాళ్లు వెనకాడితే ఆ ఖర్చు మీ ఇంటి మీద పడుతుంది. పండగ రోజుల్లో పిల్లలు దొరకడమూ కష్టం, నవంబరులోనే అడిగి ఉంచాలి.

ఇక నాలుగోది, ఈసారికి కాదనడం. వచ్చే ఏడు చేస్తానని కమిటీకి మీవారే చెప్పాలి, మీరు కాదు. ఇచ్చింది ఆయన కదా. కొద్దిగా మొహమాటపడతారు. అంతకు మించి నష్టమేమీ నాకు కనబడటం లేదు.

తారీకుల్లో కూడా ఒక మెలిక ఉంది, అది మీరిద్దరూ గమనించినట్టు లేదు. కొత్త అల్లుడు కాబట్టి భోగి, సంక్రాంతి బందరులో అంటారు మీవాళ్లు. కనుమ సాయంత్రం కార్యక్రమం కడియం దగ్గర. మధ్యలో కారులో దాదాపు నాలుగు గంటల దారి. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ రోజు ప్రయాణానికి రెండు వైపులా పెద్దవాళ్లు ఒప్పుకోరు. అంటే సంక్రాంతి మధ్యాహ్నం భోజనం కాగానే అల్లుణ్ని లేపి బయల్దేరదీయాలి, మీ అమ్మగారు నొచ్చుకుంటారు. కార్యక్రమం ముక్కనుమకు మార్చినా ఈ ప్రయాణం తప్పదు, కాళ్లకు ఒక రోజు విశ్రాంతి మాత్రం దొరుకుతుంది. కానీ అక్కడి నుంచి తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజులే మిగులుతుంది, సామాన్లన్నీ ముందే కడియం చేరి ఉండాలి. పండగ మొత్తం అత్తగారింట్లో చేసి, దానికి ముందు పది రోజులు బందరులో ఉండటం ఇంకో పద్ధతి. అల్లుడు పండక్కి రాలేదన్న మాట పుట్టింటికి వస్తుంది, ప్రయాణాల హడావుడి తగ్గుతుంది. ఏది ఎంచుకున్నా రైలు అనుకుంటే రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుచుకుంటుంది, పండగ టిక్కెట్లు తెరిచిన రోజునే అయిపోతాయి. క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

కూచిపూడికి మాత్రం ఊరు చేరిన మొదటి వారంలోనే వెళ్లండి, పండగ దాకా ఆగొద్దు. బందరు నుంచి మీకు తెలిసిన దారే. మొదటిసారి కెమెరా లేకుండా వెళ్లండి. మీవారు వస్తే రానివ్వండి, కెమెరా మాత్రం ఇంట్లో ఉండనివ్వండి. గురువుగారికి తాంబూలం ఇచ్చి, ఆపేశానని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆర్నెల్లు ఆపిన శిష్యురాలు నిలబడిన తీరులోనే ఆయనకు తెలిసిపోతుంది, దాచి లాభం లేదు. చేయబోయే అంశం ఒకసారి చూపించి దిద్దించుకోండి. పక్కనే మొవ్వ, వేణుగోపాలస్వామి గుడి ఉంది, వీలుంటే వెళ్లి రండి. పదాలకు అభినయం పట్టిన మీకు క్షేత్రయ్య ఊరు ఎలాగూ పరాయిది కాదు.

కెమెరాకు రెండోసారి వెళ్లినప్పుడు పని చెప్పండి. మీవారికి నిజంగా మంచి ఫొటో కావాలంటే గుడి వేదిక కంటే కూచిపూడిలో పొద్దుటి వెలుగు మేలు. జనవరిలో కృష్ణా జిల్లాలో తెల్లవారుజామున మంచు పడుతుంది, సూర్యుడు వచ్చేది ఆరున్నర దాటాక. ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య మంచు పలచబడుతూ వెలుగు మెత్తగా ఉంటుంది. ఏసీ గదిలో బయటి కంటే చల్లబడిన కెమెరాను నేరుగా బయటికి తెస్తే లెన్సు మీద తేమ పడుతుంది, అరగంట ముందే కెమెరాను సంచితో సహా బయట పెట్టాలి. సాధన చీరలో ఉండండి, ఆహార్యం వద్దు.

ఇప్పుడు ఇది మీవారికి చదివి వినిపించండి. నాట్యం తీయాలంటే షటరు కనీసం 1/250 ఉండాలి, తిరుగుళ్లకు, గెంతులకు 1/500. అంతకంటే తగ్గితే ముఖం బాగానే వచ్చి చేతి వేళ్లు చెదురుతాయి, హస్తం కనబడని కూచిపూడి ఫొటో పనికిరాదు. రాత్రి వేదిక మీద ఎఫ్/1.8 లేదా 2.8 పెట్టి ఐఎస్‌ఓ 3200 దాకా వెళ్లినా ఫరవాలేదు. ఫ్లాష్ వాడొద్దు, దరువు మధ్యలో కళ్లలో పడితే అడుగు తప్పుతుంది. కెమెరాను మీ నడుము ఎత్తులో పట్టుకోవాలి. నిలబడి పైనుంచి వైడు లెన్సుతో తీస్తే అరమండిలో కాళ్లు పొట్టిగా, మనిషి కుదించుకుపోయినట్టు కనిపిస్తారు. 50 లేదా 85 లెన్సుతో కాస్త దూరం నుంచి, చేతులు పూర్తిగా చాచినా అంచు తగలనంత ఖాళీ వదిలి తీయాలి. మల్లెలు, చామంతులు తలలో ఉంటే నల్లటి జుట్టును చూసి కెమెరా వెలుగు పెంచేస్తుంది, తెల్ల పూలు సున్నం ముద్దలా వస్తాయి. అరస్టాపు తగ్గించాలి. కనకాంబరాల రంగు కూడా అలాగే మండిపోతుంది, రా ఫైలులో తీస్తే కొంత సరిచేసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, తాళం తెలియాలి. తీర్మానం (జతి చివర వచ్చే ముగింపు అడుగులు) ముగిసి మీరు భంగిమలో నిలిచే క్షణానికి ముందే వేలు సిద్ధంగా ఉండాలి, చూశాక నొక్కితే ఆ క్షణం వెళ్లిపోతుంది. ఇది పుస్తకంలో రాదు, సాధన చూస్తే వస్తుంది. అందుకే ఆరో వారం నుంచి వారానికి ఒక్క సాధనకు ఆయన్ని కూర్చోబెట్టండి. మొదటి రెండుసార్లు కెమెరా లేకుండా తాళం వేయమనండి. మీరు ఒక్క అడుగును ఇరవైసార్లు ఎందుకు వేస్తున్నారో ఆయన కళ్లారా చూస్తారు. నా ఉద్దేశంలో మీ ఇంట్లో జరగాల్సిన పెద్ద మార్పు ఇదే. గంట కార్యక్రమం ఎందుకు కుదరదో ఆ తర్వాత మీరు వేరే చెప్పనక్కర్లేదు.

తీసినవి బయట పెట్టే విషయం మాత్రం వెంటనే, సూటిగా చెప్పాలి. "మీరు తీయండి, నాకిష్టమే. కానీ నేను చూడకుండా ఏదీ బయటికి వెళ్లొద్దు" అనండి. రెండు ఫోల్డర్లు పెట్టుకోండి, ఒకటి ఇంటికి, రెండోది మీరు సరేనన్నవి. నాట్యం ఫొటోలకు ఇది మరీ అవసరం. పాదం తప్పుగా పడిన ఫొటో ఆయనకు అందంగా కనిపించవచ్చు, మీ గురువుగారు చూస్తే వేరుగా ఉంటుంది.

అత్తగారి మాట దగ్గరికి వద్దాం. గుడి కమిటీకి మాట ఇచ్చేముందు మీవారు మిమ్మల్నీ అడగలేదు, వాళ్లమ్మగారినీ అడిగినట్టు లేదు. తన ఊళ్లో, తన చుట్టాల ముందు కొత్త కోడలు ఆడుతుందని ఆవిడకు ఎవరి నోటనో తెలిసి ఉంటే ఆ మాట రావడంలో వింత లేదు. మీవారికి చెబితే ఆయన ఆ రాత్రే ఫోను చేసి తల్లితో వాదిస్తారు, కోడలు చాడీ చెప్పిందన్నది మిగులుతుంది. అసలు చెప్పకపోతే అక్కడికి వెళ్లాక ఆవిడ ముఖం ముడుచుకుని కూర్చుంటే ఆయనకు కారణం అంతుపట్టదు. మధ్యే మార్గంగా ముందు మీరే ఆవిడకు ఫోను చేయండి. "అత్తయ్యగారూ, ఆయన గుళ్లో పెట్టించారు. మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి, మీరు ఒప్పుకుంటేనే చేస్తాను" అని అడగండి. గుడి, దేవుడి ముందు, ఒక్క అంశం అంటే చాలామంది పెద్దవాళ్లు మెత్తబడతారు. ఆవిడ వద్దనే అంటే, అప్పుడు మీవారికి చెప్పి నాలుగో దారి పట్టండి. అలా వదులుకునేది ఒక్క సాయంత్రాన్నే. మెల్‌బోర్న్‌లో మీ సాధన, మీ ప్రదర్శనలు మీ ఇద్దరి నిర్ణయం. వాటికి ఎవరి అనుమతీ అడగొద్దు, ఆ ఫోనులో వాటి ప్రస్తావనే తేవద్దు.

పూలజడ. మీ పెళ్లి మేలో కాబట్టి మల్లెలు పుష్కలంగా దొరికాయి. మల్లె కాపు మార్చి నుంచి జూన్ దాకానే. జనవరిలో వచ్చేవి చాలావరకు తమిళనాడు నుంచి వస్తాయి, ధర మండిపోతుంది, మొగ్గ చిన్నది. నిండు పూలజడకు అర కిలో నుంచి కిలో దాకా మొగ్గలు పడతాయి. పైగా అట్ట మీదో అరటి పట్ట మీదో కుట్టిన జడ బిరుసుగా ఉంటుంది, తిరిగినప్పుడు వీపున కొడుతుంది, బరువుకు తల వెనక్కి లాగుతుంది. నాట్యానికి పనికిరాదు. జడకుచ్చులతో మామూలు నాట్యం జడ వేసుకుని, కొప్పు చుట్టూ మాత్రం నిజం పూలు యూ పిన్నులతో బిగించండి. ఆ కాలంలో కడియం నిండా చామంతులు, బంతులు, గులాబీలే. కడియపులంక పూల మార్కెట్టుకు తెల్లవారేసరికి వెళ్తే ఆ పొద్దున కోసినవి దొరుకుతాయి, మీవారి కెమెరాకు కూడా అంతకంటే మంచి చోటు ఉండదు. చిన్న చామంతులు, మధ్యలో కనకాంబరాలు చాలు. సాయంత్రం దాకా తడిగుడ్డలో చుట్టి నీడన ఉంచండి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమర్చి నల్లబడతాయి. పూలజడ ఫొటో తప్పదంటే ఇంకో పూట, కూర్చుని తీయించుకోండి.

అమ్మగారు దాచిన జడ మల్లెలది కాబట్టి ఈపాటికి గోధుమ రంగులోకి తిరిగి ఉంటుంది. అది ఎవరి తప్పూ కాదు, మల్లె ఎంత జాగ్రత్తగా ఆరబెట్టినా తెల్లగా నిలవదు. ఆస్ట్రేలియాకు ఎండుపూలు తేవాలంటే అక్కడ దిగేటప్పుడు నింపి ఇచ్చే ప్రయాణికుల కార్డులో రాయాలి. రాస్తే తనిఖీ చేస్తారు, పురుగో గింజో కనబడితే తీసేసుకుంటారు. రాయకుండా తెస్తే జరిమానా. విత్తనాలకు, కొమ్మలకు, చెక్క వస్తువులకూ అంతే. నన్నడిగితే ఆ జడను అమ్మ దగ్గరే ఉంచి, కిటికీ పక్కన తెల్ల బట్ట మీద పరిచి, వాడిన మొగ్గ, కుట్టిన దారం కనబడేంత దగ్గరగా మీవారిని నాలుగు ఫొటోలు తీయమనండి. ఎండినా రంగు మారని పూలు కావాలంటే బొగడబంతి ఉంది, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మెల్‌బోర్న్‌లో తల్లో పెట్టుకోవడానికైతే అక్కడి నర్సరీల్లో అరేబియన్ జాస్మిన్ పేరుతో మన మల్లెమొక్కే అమ్ముతారు. అడుగు వెడల్పు కుండీలో, ఉత్తరం వైపు ఎండ తగిలేచోట పెట్టండి, అక్కడ ఎండ ఆ దిక్కు నుంచే. చలికాలం రాత్రులు ఇంట్లోకి తెచ్చుకుని, ఆగస్టు చివర్లో కొమ్మలు కత్తిరిస్తే వేసవికి మొగ్గ తొడుగుతుంది.

ఆల్బమ్ త్వరగా తేల్చేయండి. ఫొటోగ్రఫీ తెలిసినవాళ్లు స్పష్టంగా వచ్చింది ఎంచుతారు, పెళ్లికూతురు తన ముఖం చూసుకుంటుంది, తల్లులు ఎవరు లేరో వెతుకుతారు. ఆ మూడూ కలిస్తేనే ఆల్బమ్. మీ ఇద్దరి అమ్మలకూ చెరో యాభై ఎంచమని పంపండి, వాళ్లు రెండు రోజుల్లో ఇచ్చేస్తారు. మిగతా వంద జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అని ఘట్టాల వారీగా మీరిద్దరూ పంచుకోండి. నిలబెట్టి తీసినవి మీకు నచ్చకపోవడం సహజం, ఎవరితోనో మాట్లాడుతుండగా తీసినవాటిలో వెతకండి. ఊరు వచ్చినప్పుడు ఒరిజినల్ ఫైళ్లన్నీ హార్డ్‌డిస్కులో తీసుకుని, ఒక కాపీ అమ్మగారింట్లో, ఒకటి మీ దగ్గర ఉంచండి. ఫొటోగ్రాఫర్లు వాటిని ఎల్లకాలం దాచరు.

ఇవాళ చేయాల్సింది మాత్రం గజ్జెలు బయటికి తీయడం. కట్టొద్దు, అయిదో వారం దాకా ఆగాలి కదా. తోలు పట్టీ ఎండి బిరుసెక్కిందేమో, కుట్లు వదులయ్యాయేమో చూడండి. తోలు బిరుసెక్కి ఉంటే కూచిపూడి వెళ్లేదాకా ఆగకుండా ఇప్పుడే కాస్త కొబ్బరినూనె పట్టించి నీడన ఉంచండి. మీవారితో ఈ వారాంతంలోనే మాట్లాడండి, అత్తయ్యగారికి ఆ తర్వాత ఫోను చేయండి. గుడివాళ్లు కరపత్రం అచ్చువేయించేది ఎలాగూ డిసెంబరు ఆఖర్లో. మీ కాళ్ల పరీక్ష అయిన మర్నాడే, ఒక అంశమా, పిల్లలా, వచ్చే ఏడా అన్నది మీవారి నోటితోనే కమిటీకి చెప్పించండి. పేరు అచ్చులోకి ఎక్కకముందు మారిన మాటను ఊళ్లో ఎవరూ పట్టించుకోరు.